రిసాలా, రౌతు, సాహిణి: గుర్రపు సైన్యాల మాటలపై చర్చ

పాతబస్తీ పాఠకుడు:
సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదు సంస్థానపు గుర్రపు దళాల పాత ఛాయాచిత్రాలతో మా పేటలోని గ్రంథాలయం ఒక చిన్న ప్రదర్శన పెడుతోంది. చిత్రాల కింద తెలుగు వ్యాఖ్యలు రాసే పని నాకు అప్పగించారు. ఉర్దూ వ్యాఖ్యల్లో రిసాలా (గుర్రపు దళం), సవార్ (గుర్రమెక్కే సైనికుడు), దఫేదార్ (దళంలో చిన్న నాయకుడు), రిసాల్దార్ (అధికారి), సలోత్రీ (గుర్రాల వైద్యుడు), సాయిస్ (గుర్రాన్ని చూసుకునేవాడు) అని ఒక్కొక్కరికీ ఒక్కో పేరు ఉండగా, తెలుగు చిత్తుప్రతిలో వీరందరినీ ‘ఆశ్వికుడు’, ‘ఆశ్వికదళ అధికారి’, ‘ఆశ్వికదళ సిబ్బంది’ అనే మూడు మాటల్లోకి కుదించివేశారు. గుర్రాన్ని ఎక్కేవాడికీ, దాన్ని మాలిష్ చేసేవాడికీ, దాని కాలి వాపు చూసే వైద్యుడికీ తేడా తెలియకుండా పోయింది. తెలుగులో ఈ రంగానికి ఉన్న పాత మాటలేమిటి, వాటిలో నేటి పాఠకుడికి అందేవి ఏవి, ఇతర భాషలవాళ్లు ఈ పేర్లను ఎలా నిలుపుకున్నారు అన్నది తెలిసినవారు చెప్పగలరు. మాటల చరిత్ర ఎంత విస్తరించినా అభ్యంతరం లేదు.

నిఘంటుప్రియ:
పాఠకుడు గారూ, ‘ఆశ్వికదళం’ పత్రికల పుణ్యమా అని స్థిరపడిన మాట. దళం మొత్తాన్ని చెప్పడానికి అది చాలు, కాని మనిషిని చెప్పడానికి మనకు దానికంటే ఎంతో పాతదీ, సామెతలో ఈనాటికీ బతికున్నదీ ‘రౌతు’ అనే మాట ఉంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఇప్పటికీ అంటూనే ఉన్నాం కదా. దీని మూలం సంస్కృతంలోని రాజపుత్ర శబ్దం. అది ప్రాకృతంలో రాఉత్త అయి, మరాఠీలో రావుత్‌గా, మన దగ్గర రాహుతు, రావుతు, రౌతుగా, తమిళంలో రావుత్తర్‌గా నిలిచింది. తమిళనాట గుర్రపు వర్తకానికీ, గుర్రపు సైన్యానికీ పేరుపడ్డ ఒక ముస్లిం సముదాయానికి అదే పేరయింది. మరోవైపు అరుణగిరినాథర్ నెమలినెక్కిన మురుగన్‌ను ‘రావుత్తనే’ అని పిలిచారు. నెమలి మీద ఉన్నా ఎక్కి స్వారీ చేసేవాడు రౌతే అన్నమాట.

కావ్యాల్లో రౌతుకు ‘సాది’ అనే మాట కూడా కనిపిస్తుంది. ‘అశ్వారోహాస్తు సాదినః’ అని అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం. గుర్రానికే అమరసింహుడు ఘోటక, వీతి, తురగ, తురంగ, అశ్వ, తురంగమ, వాజి, వాహ, అర్వ, గంధర్వ, హయ, సైంధవ, సప్తి అని 13 పేర్లు ఒకే శ్లోకంలో కూర్చాడు. వీటిలో సైంధవం ఊరి పేరు: సింధు దేశం నుంచి వచ్చింది కాబట్టి సైంధవం. తెలుగు కవులు వీటికి మావు, తత్తడి, వారువం చేర్చారు. అరబ్బు గుర్రాన్ని పారసీకులు ‘తాజీ’ అంటే మనవాళ్లు దాన్ని ‘తేజీ’ చేసుకున్నారు. గుర్రం పేరులోనే అది దిగిన రేవు, వచ్చిన దేశం పలకడం మన ప్రాంతపు చరిత్రకు సహజమే, ఎందుకంటే దక్షిణాపథంలో మేలుజాతి గుర్రాలు పెద్దగా పుట్టలేదు, కొనితెచ్చుకున్నవే ఎక్కువ. విజయనగర చక్రవర్తి ఏటా పారసీక సింధుశాఖలోని హొర్ముజు రేవు నుంచి వచ్చే 13,000 గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. లెక్కలో అతిశయం ఉండవచ్చునేమో కాని, గుర్రాల కోసం ఖజానా ఎంతగా కరిగేదో ఆ మాట చెబుతుంది.

దక్కనీ మిత్రుడు:
నిఘంటుప్రియ గారి రౌతుకు నేను సవారును జోడిస్తాను. పాత పారసీకంలోని ‘అసబార’, అంటే గుర్రం మీద మోయబడేవాడు అన్నది, అరిగి అరిగి ‘సవార్’ అయింది. మొదట్లో ఉన్న అశ్వం అందులోంచి ఎప్పుడో జారిపోయింది కాబట్టే తెలంగాణలో ఎద్దులు లాగే ‘సవారి కచ్చురం’ అనే మాటలో ఎవరికీ వింత కనిపించదు. మొహర్రంలో పీర్లను ఎత్తుకొని ఊరేగించడాన్ని కూడా మన పల్లెల్లో పీర్ల సవారి అనే అంటారు. మొగలుల మన్సబ్‌దారీ అనే హోదాల పద్ధతిలో మాత్రం సవార్ గట్టి లెక్క. జాత్ అన్న అంకె అధికారి హోదాకూ, సవార్ అన్న అంకె అతను పోషించవలసిన గుర్రపు సైనికులకూ సంబంధించినవి.

సిపాయి కథ ఇంకా చిత్రమైనది. ‘సిపాహీ’ పారసీకంలో సైనికుడు అని మాత్రమే. అదే మాట ఒట్టోమన్ తురుష్కుల దగ్గర జాగీరు పొందిన గుర్రపు యోధుడయింది. ఫ్రెంచివారు దాన్ని ‘స్పాహీ’ అని పలికి ఉత్తర ఆఫ్రికాలోని తమ గుర్రపు దళాలకు పెట్టుకున్నారు. మన దేశానికి వచ్చేసరికి సిపాయి కాల్బలపు మనిషి అయ్యాడు. కాబట్టి 1857 నాటి సిపాయికి ఇస్తాంబుల్ సిపాహీతో పోలిక పెట్టి రాసేవారు ఒకరిని గుర్రం మీద నుంచి దించుతున్నారో, మరొకరిని ఎక్కిస్తున్నారో చూసుకోవాలి.

‘రిసాలా’ అరబ్బీలో సందేశం, లేఖ. ఆజ్ఞతో పంపిన దళానికి ఆ పేరు వచ్చి, చివరికి గుర్రపు దళానికే స్థిరపడింది. బొల్లారంలోని రిసాలా బజార్ మీదుగా రోజూ పోయేవారిలో ఎందరికి ఆ పేరులో గుర్రపు డెక్కలు వినిపిస్తాయో గాని, అక్కడ అంగళ్లు వెలిసింది దళం కోసమే. ఇక పాయగా వంశీకుల పేరు. సంతోష్‌నగర్ దగ్గరి పాయగా సమాధుల సున్నపు జాలీలు చూసి వచ్చేవారికి ఆ పేరు ఏదో నవాబీ బిరుదులా తోస్తుంది. ఆ వంశం నిజాం ప్రభువుల కోసం గుర్రపు సైన్యాన్ని పోషించింది. పారసీకంలో ‘పాయ్‌గాహ్’ అంటే హోదా, స్థానం, గుర్రపుశాల కూడా. మరాఠీలో ‘పాగా’ అంటే గుర్రపుశాల, ప్రభువు సొంత గుర్రపు దళం. తెలుగులో ‘పాగా వేయడం’ అనే జాతీయం తలపాగా కంటే ఈ పాగాకే దగ్గరగా ఉందని నా అభిప్రాయం. శత్రువు పొలిమేరలో గుర్రాలను కట్టేసి దిగబడినవాడే పాగా వేసినవాడు.

అచ్చతెలుగు అభిమాని:
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. రిసాలాకు గుర్రపుదండు, సవారుకు రౌతు, దఫేదారుకు పదుగురి పెద్ద, రిసాల్దారుకు దండునాయకుడు అని రాస్తే తెలుగు పిల్లలకు తేలికగా అర్థమవుతుంది. పరాయి మాటలను మోసుకు తిరగడం మనకు అలవాటైపోయింది.

బొల్లారం మాజీ సైనికుడు:
అభిమాని గారూ, మీ భాషాభిమానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. హోదా పేరు అనువాదానికి లొంగే వస్తువు కాదు, అది మనిషి పేరులో భాగం. రిసాల్దారు భుజం మీది చిహ్నం వేరు, భోజనశాల వేరు, ఇంటికి వెళితే ఊళ్లో దొరికే మర్యాద వేరు. ‘దండునాయకుడు’ అనగానే కాకతీయుల నాటి గన్నమనాయకుడో, మరొకరో కళ్ల ముందు నిలుస్తాడు గాని, 1916లో ఫ్రాన్సు బురదలో ఉన్న మనిషి నిలవడు.

ఫ్రాన్సు అన్నాను కాబట్టి రెండు ముక్కలు. హైదరాబాదు కంటింజెంటు, అంటే నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సేన, దాని గుర్రపు దళాలు 1903లో బ్రిటిష్ భారత సైన్యంలో కలిసి కొత్త సంఖ్యలు పొందాయి. వాటిలో 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ అనే అడవి దగ్గర 7వ డ్రాగూన్ గార్డులతో కలిసి బల్లేలు పట్టుకొని దూకింది. కందకాల యుద్ధంలో అటువంటి దాడి అరుదు. 1921లో 20వ దళం, 29వ దళం కలిసిపోయాయి, ఇప్పటి దక్కన్ హార్స్ వాటి వారసురాలే. ఇది నిజాం ప్రభువుల సొంత సైన్యమైన హైదరాబాదు లాన్సర్లకు (బల్లెపు రౌతులకు) వేరు. ఆ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో ఒకే బ్రిగేడుగా పశ్చిమాసియాకు వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ ఈ మూడు సంస్థానాల సైనికులకు గుర్తులు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద దాడి చేసింది మాత్రం జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఛాయాచిత్రాల్లో ఎవరైనా హైదరాబాదు లాన్సరును ‘హైఫా వీరుడు’ అని రాసి ఉంటే దాన్ని సరిచూడండి.

1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర దక్కన్ హార్స్ పోరాడింది షెర్మన్ ట్యాంకులతో. గుర్రాలు పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. అయినా ట్యాంకు దళంలో చేరిన కుర్రవాడి హోదా ఈనాటికీ ‘సవార్’. ఆ పైన లాన్స్ దఫేదార్, దఫేదార్, నాయబ్ రిసాల్దార్, రిసాల్దార్, రిసాల్దార్ మేజర్. జైపూరులోని 61వ కావల్రీ తప్ప మిగతావారంతా ఇనుప గుర్రాలవాళ్లే. ఇన్ని తరాలుగా సైన్యమే మార్చని పేర్లను మనం చిత్రం కింద ఎందుకు మార్చాలి? ‘రిసాల్దార్’ అని రాసి, పక్కనే ‘గుర్రపు దళంలో భారతీయ అధికారి’ అని ఒక్క ముక్క చేర్చితే పిల్లలకూ తెలుస్తుంది.

విదేశీభాషల విద్యార్థి:
హోదాల పేర్లు గుర్రపుశాలలోనే పుట్టి పైకెక్కడం ఐరోపాలో కూడా జరిగింది. మార్షల్ అన్న మాట పాత జర్మానిక్ భాషలో ‘మార్హ్’ అంటే గుర్రం, ‘స్కాల్క్’ అంటే సేవకుడు అన్నవి కలిసి పుట్టింది. గుర్రాలు కడిగే సేవకుడు ఫ్రెంచి రాజాస్థానంలో గుర్రాల అధికారి అయి, తరవాత సేనాధిపతి అయ్యాడు. కానిస్టేబుల్ మరీ విచిత్రం: లాటిన్‌లో ‘కోమెస్ స్తాబులీ’, అంటే గుర్రపుశాల మీది ప్రభువు. ఫ్రాన్సులో ఒకప్పుడు కానిస్టేబుల్ రాజ్య సైన్యాలన్నిటికీ అధిపతి. ఆ బిరుదే నేడు హైదరాబాదులో పోలీసు గుర్రాలను చూసుకునే కానిస్టేబులుకు దక్కింది, అంటే ఆయన ఒక్కడి విషయంలో మాట తిరిగి సొంతింటికి చేరింది.

నైట్ అన్నది పాత ఇంగ్లీషులో కుర్రవాడు, సేవకుడు. పోలండు బల్లెపు రౌతు ‘ఉలాన్’ పేరు తురుష్కుల ‘ఓగ్లాన్’ నుంచి వచ్చింది, దానికీ అర్థం కుర్రవాడే. డ్రాగూన్ తన తుపాకీ పేరుతో చలామణీ అయ్యాడు, అతను గుర్రం మీద వచ్చి నేల మీద పోరాడేవాడు. లాటిన్‌లో పెద్దింటి గుర్రం ‘ఎక్వుస్’, అది మన అశ్వానికీ, అవెస్తా ‘అస్ప’కూ, గ్రీకు ‘హిప్పోస్’కూ తోబుట్టువు. కాని సామాన్యుల నోట నలిగిన ‘కబల్లుస్’, అంటే బరువు లాగే మామూలు గుర్రం, ఎక్వుస్‌ను తోసేసింది. స్పానిష్ కబాయో, ఫ్రెంచి షెవాల్, ఇటాలియన్ కవాల్లో, వాటి నుంచి కావల్రీ, షివల్రీ, అన్నీ ఆ నాటు గుర్రం సంతానమే. ప్రభువంశ మర్యాదలకు పేరిచ్చింది చాకలి గుర్రమన్నమాట. చదరంగంలో చూస్తే తెలుగు, పారసీకం, అరబ్బీ, స్పానిష్ భాషలు ఆ పావును గుర్రమనే అంటాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి ఎక్కినవాణ్ణి చూస్తాయి. జర్మన్ మాత్రం దూకేది అని ‘ష్ప్రింగర్’ అంటుంది.

నిఘంటుప్రియ:
మార్షల్‌కు మన ఇంట్లోనే జంట ఉన్నాడు. ‘సాహిణి’ అంటే గుర్రాలను సాధించేవాడు, సాధనిక శబ్దం నుంచి వచ్చింది. కాకతీయుల నాటికి అది పెద్ద ఉద్యోగం. కాయస్థ గంగయ సాహిణి గణపతిదేవుని కొలువులో ప్రముఖుడై రాజ్యంలో విశాలమైన భాగాన్ని ఏలాడు. నృత్తరత్నావళి రాసిన జాయప గజసాహిణి, అంటే గుర్రాల పేరు ఏనుగులకు కూడా విస్తరించింది. భాస్కర రామాయణం అంకితం పొందిన సాహిణి మారన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. తరవాతి కాలంలో ఢిల్లీ సుల్తానులకు అశ్వపతి, ఒరిస్సా ప్రభువులకు గజపతి, విజయనగర ప్రభువులకు నరపతి అని పేర్లు పంచినప్పుడు మనవారు గుర్రాల ఆధిక్యాన్ని ఉత్తరాదికే ఒప్పుకున్నట్టయింది.

మలక్‌పేట గుర్రపుబాట:
నేను స్వారీ నేర్పే పనిలో ఉన్నాను, గ్రంథాల సంగతి పెద్దలకు వదిలేస్తాను. మా దగ్గర మాట్లాడే మాటలు ఇవీ: జీను, లగాము, రికాబు (కాలు పెట్టే ఇనుప కడియం), తంగు (జీనును బిగించే పొట్ట పట్టీ), చాబుకు (కొరడా), నాల్ (డెక్కకు కొట్టే నాడా). అన్నీ ఉర్దూ ద్వారా వచ్చినవే. మలక్‌పేటలో 1886లోనే పందేలు మొదలయ్యాయి కాబట్టి వాటి పక్కనే జాకీ, ట్రైనర్, ప్యాడక్, హ్యాండిక్యాప్ అని ఇంగ్లీషు మాటల గుంపు ఉంది. పందెపు రోజున కనిపించేది జాకీయే అయినా తెల్లవారుజామున పని అంతా సాయిసుది.

జీను బిగించడం చూడండి. ముందు వీపు మీద గడ్డిపరకైనా లేకుండా చేత్తో తుడిచి, గుడ్డను మెడ వైపు వేసి వెనక్కి జరుపుతారు, వెంట్రుకలు ఎదురు తిరగకూడదని. జీను వేసి తంగు లాగుతుండగానే తెలివైన గుర్రం ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. కొత్తవాడు అంతటితో బిగిసిందనుకొని రికాబులో కాలు పెడతాడు, జీను పొట్ట కిందికి తిరుగుతుంది, రౌతు నేల మీద ఉంటాడు. సాయిసు అయితే గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి, అది ఊపిరి వదిలాక మళ్లీ రెండు రంధ్రాలు ఎక్కిస్తాడు. తంగుకూ పొట్టకూ మధ్య రెండు మూడు వేళ్లు బల్లపరుపుగా దూరితే సరిపోయినట్టు. పాఠకుడు గారూ, మీ ఛాయాచిత్రాల్లో గుర్రం తల దగ్గర తలపాగాతో నిలబడ్డ మనిషిని ‘సిబ్బంది’ అని రాయకండి, ‘సాయిసు’ అనే రాయండి. ఆ మాట తెలుగువారికి తెలుసు.

నిఘంటుప్రియ:
గుర్రపుబాట గారి పట్టికలోంచి తప్పించుకున్న మాటలు తెలుగులో కొన్ని ఉన్నాయి. రికాబు రాకముందు మనకు ‘అంకవన్నె’ ఉంది. కన్నడంలో అంకవణి, తమిళంలో అంగవడి దానికి దగ్గరివే. లగాముకు ‘వాగె’ ఉంది, సంస్కృతం వల్గ నుంచి. ‘కళ్లెం’ అయితే లగాముకు లొంగకుండా నేటికీ వాడుకలో ఉంది. ధరలకు కళ్లెం వేయాలని రోజూ పత్రికలు రాస్తూనే ఉంటాయి. కళ్లెం సంస్కృతం ఖలీనానికి వికృతి. ఆ ఖలీనం గ్రీకు ‘ఖలినోస్’ నుంచి వచ్చినదని భాషావేత్తల అభిప్రాయం. అంటే వాయవ్యంలో గ్రీకుల గుర్రాల నోట పెట్టిన ఇనుప ముక్క పేరు సంస్కృతం మీదుగా మన వంటింటి మాటల దాకా చేరింది. అంకవన్నె మాయమై కళ్లెం మిగలడానికి కారణం ఊహించగలం. కళ్లెం ఉపమానంగా మారి గుర్రంతో పని లేకుండా బతకగలిగింది. అంకవన్నెకు ఆ అదృష్టం పట్టలేదు.

సలోత్రీ గురించి పాఠకుడు గారు అడిగారు. అశ్వశాస్త్రానికి మూలపురుషుడుగా చెప్పే శాలిహోత్రుడి పేరే హిందుస్తానీలో గుర్రాల వైద్యుడికి పేరయింది. తెలుగులో ‘అశ్వవైద్యుడు’ అని రాసినా తప్పు లేదు.

ఛందోమిత్ర:
నడకల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. అమరంలో గుర్రపు గతులు అయిదు: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. కౌటిల్యుడు అశ్వాధ్యక్ష ప్రకరణంలో వల్గనం, నీచైర్గతం, లంఘనం, ధోరణం, నారోష్ట్రం అని స్వారీ గుర్రపు గతులను చెప్పాడు. ఈ వల్గనమే మన ఛందస్సులోకి దూకింది. రగడలనే తొమ్మిది మాత్రా ఛందస్సుల్లో రెండింటి పేర్లు హయప్రచార రగడ, తురగవల్గన రగడ. రెండూ మూడు మాత్రల గణాలతో నడుస్తాయి, రెండోదాని పాదం మొదటిదానికి రెట్టింపు. నేలను తాకే డెక్కల లెక్కలో గుర్రం నడక నాలుగు దెబ్బలు, ట్రాట్ అనే దుముకు నడక రెండు దెబ్బలు, క్యాంటర్ అనే నిదానపు పరుగు మూడు దెబ్బలు, దౌడు మళ్లీ నాలుగు. మూడు మాత్రల రగడను పైకి చదివితే క్యాంటరు పట్టుబడుతుంది. లాక్షణికులు లాయం పక్కన కూర్చొని లెక్కపెట్టారని అనను గాని, పేరు ఊరికే పెట్టలేదు.

విదేశీభాషల విద్యార్థి:
ఛందోమిత్ర గారి వల్గనంతో పాటు వర్తనాన్ని కూడా గుర్తు చేయాలి. నేటి తుర్కియేలో, ప్రాచీన హిట్టైట్ల రాజధాని హత్తుసా శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీద, పొరుగున సిరియా ప్రాంతంలో ఉండిన మితన్ని దేశపు గుర్రాల శిక్షకుడు కిక్కులి చెప్పిన పాఠం ఉంది. మూడు వేల ఏళ్లకు పైబడిన ఆ పాఠం హిట్టైట్ భాషలో సాగుతూనే, రథాశ్వాలు తిరగవలసిన చుట్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న, నవర్తన్న’ అంటుంది. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. తెలుగు పాఠకుడికి వీటిని అనువదించి చెప్పనవసరం లేదు. పని నేర్పినవాడి భాషే పని పేరుగా మిగులుతుందనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం నాకు తెలియదు. అచ్చతెలుగు అభిమాని గారు హిట్టైట్ లేఖకుల్ని కూడా కోప్పడవలసి వస్తుంది.

అచ్చతెలుగు అభిమాని:
లేఖకుల్ని వదిలేశాను. హోదాల పేర్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచవచ్చునని ఒప్పుకుంటున్నాను. కాని వ్యాఖ్యలోని మిగతా వాక్యంలో ‘రౌతులు’, ‘గుర్రపుదండు’, ‘కళ్లెం’ ఉండాలి. ‘అశ్వారోహక సైనికులు వల్గా గ్రహణ ముద్రలో’ అని ఎవరైనా రాస్తే మాత్రం ఊరుకోను.

దక్కనీ మిత్రుడు:
అంత దాకా రానివ్వం. చివరగా ఒక్క విషయం, ఇది మాటకంటే ముఖ్యం. గుర్రం ఎవరిదన్న దాన్ని బట్టి మనిషి పేరు మారేది. మరాఠా దళాల్లో గుర్రాన్ని ప్రభుత్వమే ఇస్తే అతను బార్గీరు, సొంత గుర్రంతో, సొంత ఆయుధాలతో వస్తే శిలేదారు. ఇద్దరి జీతం వేరు, పరువు వేరు. బార్గీరు గుర్రం చస్తే నష్టం ప్రభువుది. శిలేదారు గుర్రం చస్తే ఇల్లు గుల్ల. ఈ భయంతో శిలేదారు పోరులో గుర్రాన్ని కాపాడుకుంటూ వెనకాడతాడని అప్పటి సేనానుల ఫిర్యాదు కూడా ఉండేది. హైదరాబాదు కంటింజెంటు గుర్రపు దళాలూ ఈ శిలేదారీ పద్ధతిలోనే నడిచాయి. దళంలో చోటు కోసం గుర్రానికీ సామగ్రికీ కట్టే సొమ్మును, ఆ చోటునే ‘అసామీ’ అనేవారు. ఒకడికే పలు అసామీలు ఉండవచ్చు, అప్పుడు అతని గుర్రాల మీద బార్గీర్లు కూర్చునేవారు. మన ఊళ్లలో ‘మోతుబరి ఆసామి’ అంటున్నామే, ఆ ఆసామికీ దీనికీ ఒకటే అరబ్బీ మూలం. పాఠకుడు గారి చిత్రాల్లో కంటింజెంటు దళానివి ఉంటే, గుర్రం మీద ఉన్నవాడు శిలేదారా, బార్గీరా అన్నది ఉర్దూ వ్యాఖ్యలో ఉందేమో చూసి, ఉన్నచోట తెలుగులోనూ తప్పక రాయాలి. ‘సొంత గుర్రంతో కొలువు చేసిన శిలేదారు’ అని రాస్తే సరిపోతుంది.